మెడ వెనక నల్ల గీత: పలమనేరు దగ్గర ఒక టమాటా తోటలో టూటా కేసు

ఫోను వచ్చింది ఫిబ్రవరి చివరి వారంలో. పలమనేరు నుంచి వి.కోట పోయే దారికి లోపలగా ఉన్న ఒక ఊరి రైతు. ఎకరన్నర టమాటా, నాటి ఇరవై ఎనిమిది రోజులు. డ్రిప్పు, మల్చింగ్ షీటు, నర్సరీ నుంచి తెచ్చిన హైబ్రిడ్ నారు. పెట్టుబడిలో ఎక్కడా వెనకాడలేదు. "మేడం, ఆకు మీద ముగ్గు వేసినట్టు తెల్ల గీతలు పడినాయి. రెండుసార్లు మందు కొట్టినా, నిలవలేదు" అన్నారు. వాట్సాప్‌లో మూడు ఫోటోలు పంపించారు.

ఫోటోలు చూశాను. కింది ఆకుల మీద మెలికలు తిరిగిన సన్నటి తెల్ల గీతలు. పాముపొడ, అంటే ఆకు తొలిచే ఈగ పని అని ఫోన్లోనే చెప్పేశాను. కింది ఆకులు గిల్లి తోట బయట పారేయమని, పసుపు జిగురు అట్టలు కట్టమని, వేపనూనె కొట్టమని చెప్పాను. ఆయన మూడూ చేశారు.

పన్నెండేళ్లుగా ఈ పడమటి మండలాల్లో కూరగాయల రైతులకు సలహాలు ఇస్తున్నాను. ఆ ఫోటోల్లో ఉన్నది నిజంగానే పాముపొడ. కానీ తోటలో ఉన్నది అదొక్కటే కాదు. ఫోటో తీసింది కింది ఆకులకు, తోటను తింటున్నది పైన చిగుళ్లలో ఉంది. అది టూటా, టమాటా ఆకునూ కాయనూ తొలిచే ఒక రెక్కల పురుగు గొంగళి. అడగాల్సిన ప్రశ్న నేను అడగలేదు. దానివల్ల ఆ రైతుకు పది రోజులు పోయాయి. ఈ పురుగు విషయంలో పది రోజులంటే సగం తరం. నా తప్పుతో మొదలుపెట్టి ఈ కేసంతా రాయడానికి కారణం అదే.

తోటలో చూసింది

మార్చి మొదటి వారంలో మళ్లీ ఫోను. "ఆకులు కాలినట్టు అయిపోతాన్నాయి మేడం. పిందెలకు కూడా సూది పొడిచినట్టు కన్నాలు. ఇది ఊజి అంటాన్నారు అందరూ." మర్నాడు పొద్దున ఏడింటికల్లా తోటలో ఉన్నాను.

గట్టు మీద నిలబడి చూస్తే పైభాగమంతా గోధుమ రంగు తిరిగి, వడగాలి కొట్టినట్టు ఉంది. దగ్గరికి వెళ్లి ఒక చిటారు ఆకు తుంచి ఎండకు అడ్డం పట్టుకున్నాను. ఆకు కొసన రూపాయి బిళ్లంత మేర పచ్చదనమే లేదు. పై పొర, కింది పొర మాత్రం మిగిలాయి, ఉల్లిపొరలాగా వెలుతురు అటు నుంచి ఇటు వస్తోంది. ఆ రెండు పొరల మధ్య ఒక మూల నల్లటి రెట్ట కుప్పగా పడి ఉంది. దాని పక్కనే ఏదో కదిలింది. లేత ఆకుపచ్చ రంగు, బియ్యపు గింజంత పొడవు. వేలి నీడ పడగానే వెనక్కి జరిగింది.

అదే మొక్క కింది ఆకు ఇంకోటి తుంచి అలాగే పట్టుకున్నాను. ఇక్కడ సన్నటి దారం లాంటి దారి. మొదలు చిన్నది, పోను పోను వెడల్పు. దారి మధ్యలో రెట్ట చుక్కలు చుక్కలుగా, వరసగా ఉన్నాయి. చివర పసుపు రంగు చిన్న పురుగు.

రెండు పురుగులనూ గుండుసూదితో పొర చీల్చి తెల్ల కాగితం మీద పెట్టాను. పదింతల లెన్సు కింద ఇక అనుమానానికి చోటు లేదు. పసుపు పురుగుకు తల లేదు, కాళ్లు లేవు. ముందు కొసన నల్లటి కొక్కెం మాత్రం ఉంది, దానితోనే ఆకు గీరుకుంటూ పోతుంది. అది ఈగ పిల్ల, లిరియోమైజా. ఆకుపచ్చ పురుగుకు గోధుమ రంగు తల, ముందు మూడు జతల కాళ్లు, పొట్ట కింద బుడిపె కాళ్లు. ఇది గొంగళి. గొంగళి పెద్దదైతే ఈగ కాదు, రెక్కల పురుగు అవుతుంది. తల వెనక, మెడ మీద ఉండే గట్టి పెంకు అంచున సన్నటి నల్ల గీత ఒకటి, మధ్యలో తెగి, రెండు వైపులా కాస్త ఏటవాలుగా ఉంది.

ఆ గీతే ఈ కేసుకు మొదటి సాక్ష్యం. బంగాళాదుంపను తొలిచే రెక్కల పురుగు కూడా ఇదే కుటుంబం, అది టమాటా ఆకునూ తొలుస్తుంది. దాని గొంగళికి మెడ పెంకు మొత్తం ముదురు రంగులో ఉంటుంది. అంచున గీత మాత్రమే ఉండి, మిగతా పెంకు లేత రంగులో ఉంటే అది టూటా అబ్సల్యూటా.

తర్వాత ఒక గంట సాళ్లలో తిరిగాం. చిగురు కొసలు కొన్ని వాలిపోయి ఉన్నాయి, చీల్చి చూస్తే కాడ లోపల గొంగళి. మొగ్గలు రాలాయి. పిందెల మీద ముచ్చిక అంచు కింద గుండుసూది తలంత కన్నం, పక్కన కొద్దిగా రెట్ట. పచ్చపురుగు అయితే కాయకు గుండ్రటి పెద్ద కన్నం పెట్టి, తల లోపల, ఒళ్లు బయట పెట్టుకుని తింటుంది, దాన్ని ఎవరైనా గుర్తుపడతారు. ఇది ముచ్చిక కింద దాక్కుని లోపలికి పోతుంది. బయటికి బాగా కనిపించే కాయ మండీకి చేరేసరికి మెత్తబడుతుంది.

డబ్బాలో పెంచి చూడటం

గొంగళి గుర్తులు దొరికాక కూడా నేను ఊరికే ఉండను. ఆకులు ఇంటికి తెచ్చి పెంచి చూస్తాను. ఇది పెద్ద పని కాదు. స్వీట్లు ఇచ్చే పారదర్శకపు ప్లాస్టిక్ డబ్బా, అడుగున టిష్యూ కాగితం, మూతకు కోసిన చోట పల్చటి గుడ్డ, ఆకు కాడకు తడి దూది చుడితే చాలు. రెండు రోజులకోసారి తాజా ఆకు పెట్టాలి, తడి ఎక్కువైతే బూజు పడుతుంది.

ఈసారి నాకు అదృష్టం కలిసొచ్చింది. తెచ్చిన చిగుళ్లలో గుడ్లు కూడా దొరికాయి. గుడ్డు పొడవు మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుందంతే. మీగడ రంగు, కాస్త పొడవాటి గొట్టం ఆకారం. గుంపుగా ఉండవు, ఒక్కోటి వేరుగా, ఎక్కువగా ఆకు అడుగున నూగు మధ్య ఉంటాయి. లెన్సు లేకపోతే ఉప్పు రవ్వ అనుకుంటాం. తొమ్మిది గుడ్లు లెక్కపెట్టి, వాటి చుట్టూ స్కెచ్ పెన్నుతో గీసి డబ్బాలో పెట్టాను. ఆ రోజుల్లో మా ఇంట్లో వేడి 25 నుంచి 31 డిగ్రీల మధ్య ఉంది.

నాలుగో రోజు పొద్దున గుడ్డు లోపల నల్లటి చుక్క కనిపించింది. అది తల. మధ్యాహ్నానికి పిల్ల బయటికొచ్చింది. మిల్లీమీటరు కూడా లేదు, మీగడ రంగు ఒళ్లు, నల్ల తల. అది వెంటనే ఆకులోకి దూరలేదు. గడియారం పెట్టుకుని చూశాను. అరగంట పాటు ఆకు మీద తిరిగి ఒక ఈనె పక్కన ఆగి కొరకడం మొదలుపెట్టింది. ఒళ్లంతా లోపలికి పోవడానికి ఇంకో గంట పట్టింది. అంటే ఈ పురుగు జీవితంలో మొదట ఆకుపైన, మందు నేరుగా తగిలేలా ఉండేది ఆ గంటన్నర. ఆ తర్వాత దానికి ఆకే గొడుగు.

గొంగళిగా పదకొండు రోజులు ఉంది. మూడుసార్లు పొర విడిచి నాలుగు దశలు దాటింది. మీగడ రంగు పోయి ఆకుపచ్చ అయింది, చివరి దశలో వీపు మీద గులాబీ రంగు వచ్చింది. అప్పటికి ఏడు మిల్లీమీటర్లు దాటింది. నేను రైతులకు గట్టిగా చెప్పే విషయం ఒకటి ఇక్కడే కళ్లారా చూశాను. ఈగ పిల్ల ఒక దారిలో మొదలుపెట్టి అందులోనే పెరిగి, చివర చిన్న చీలిక చేసుకుని బయటపడుతుంది. టూటా గొంగళి అలా కాదు. రాత్రి ఒక ఆకులో వదిలితే పొద్దునకు ఆ గూడు ఖాళీ, పక్క ఆకులో కొత్త గూడు. ఒక్కో గొంగళి ఎన్నో చోట్ల గాయం చేస్తుంది. తోటలో గూళ్లు లెక్కపెట్టి పురుగులు ఇన్ని ఉన్నాయనుకుంటే లెక్క తప్పుతుంది. గూడు చీల్చి చూడాలి.

తిండి మానేశాక ఒక రోజు అటూ ఇటూ తిరిగి, ఒకటి టిష్యూ మడతలో, ఒకటి ఎండిన ఆకు మడతలో, మిగతావి డబ్బా అడుగున పల్చటి పట్టు అల్లుకున్నాయి. తోటలో అయితే చాలావరకు దారం పట్టుకుని నేల మీదికి దిగి మట్టి పైపొరలో ప్యూపాలు, అంటే రెక్కలు వచ్చే ముందు తిండి లేకుండా ఉండే దశ, అవుతాయి. మల్చింగ్ షీటు ఉంది కదా, నేలలోకి ఎలా పోతాయని ఆ రైతు అడిగారు. షీటుకు మొక్క కోసం చేసిన కన్నం దగ్గర చేత్తో మట్టి గోకితే అక్కడే నాలుగు దొరికాయి. ప్యూపా మొదట ఆకుపచ్చ, తర్వాత గోధుమ రంగు, ఆరు మిల్లీమీటర్ల లోపు.

ఏడు రోజులకు రెక్కల పురుగులు వచ్చాయి. తొమ్మిది గుడ్లలో ఆరు చివరిదాకా నిలిచాయి. గుడ్డు నుంచి రెక్కల దాకా మొత్తం ఇరవై మూడు రోజులు. చలి కాలంలో ఇదే చక్రం నెలన్నర పైన సాగుతుంది, 14 డిగ్రీల దగ్గర డెబ్బై ఆరు రోజుల దాకా పడుతుంది. అందుకే డిసెంబరులో కనిపించీ కనిపించకుండా ఉన్న పురుగు మార్చికి వచ్చేసరికి తోటను ముంచుతుంది. ఏడాదికి పది, పన్నెండు తరాల దాకా వస్తాయి. ఒక్కో ఆడది 260 గుడ్ల వరకు పెట్టగలదు, అందులో ఎక్కువ భాగం జతకట్టాక మొదటి వారంలోనే.

పగలు ఆ రెక్కల పురుగు డబ్బా మూలలో కదలకుండా ఉండేది. తెలియనివాళ్లు ఎండిన ఆకు తునక అనుకుంటారు. ఆరేడు మిల్లీమీటర్ల పొడవు, రెక్కలు ఇంటి కప్పులాగా ఒంటికి అతుక్కుని, బూడిద వెండి రంగు మీద నల్ల చుక్కలు. మీసాలు పూసలు గుచ్చినట్టు, ఒక పూస ముదురు, ఒక పూస లేత. ముఖం ముందు రెండు మూతి తంతులు కొమ్ముల్లా పైకి వంగి ఉన్నాయి. వెనక రెక్కల అంచున పొడవాటి కుచ్చు.

పైకి వంగిన ఆ కొమ్ములు చూడగానే నాకు తిరుపతిలో చదువుకున్న రోజులు గుర్తొచ్చాయి. అక్కడ ప్రాక్టికల్స్‌లో వేరుశనగ ఆకుముడత పురుగు అద్దాల మీద పెట్టించుకుని గంటలు గంటలు చూసేవాళ్లం. అదీ ఈ గెలీకిడే కుటుంబమే, అదీ మొదట ఆకు పొరల మధ్య తొలిచి, తర్వాత ఆకులను కలిపి గూడు కడుతుంది. మన జిల్లాల రైతులు తరాలుగా ఎరిగిన పురుగు. దాని ముందు రెక్క అంచున తెల్ల చుక్క ఉంటుంది, టూటాకు ఉండదు.

రెక్కల పురుగును చూసి మాత్రమే పేరు ఖాయం చేయకూడదు. ఈ కుటుంబంలో బూడిద రంగువి చాలా ఉన్నాయి, మగవాటిని వాసనతో రప్పించి పట్టే బుట్టల్లో పడ్డవాటికి రెక్కల పొడి రాలిపోయి గుర్తులే మిగలవు. తిరుపతి వ్యవసాయ కళాశాలలో నాతో చదువుకుని కీటక శాస్త్రంలోకి వెళ్లిన స్నేహితురాలికి రెండు మగ పురుగులు పంపించాను. ఆమె పొట్ట చివరి భాగం కోసి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేడిచేసి, కండ పోయాక మిగిలిన జననాంగాల గట్టి భాగాలను మైక్రోస్కోపు కింద చూసింది. వాటి ఆకారం ఒక్కో జాతికి ఒక్కోలా ఉంటుంది, గుర్తింపులో ఆఖరి మాట వాటిదే. టూటానే అని ఫోన్ చేసి చెప్పింది. ఆ జవాబు కోసం వైద్యం ఆపలేదు. గొంగళి గుర్తులు చాలు, తోటలో పని మొదలుపెట్టవచ్చు.

ఊజి అనే పేరు

ఈ పురుగు దక్షిణ అమెరికాది. పెరూ దేశంలో దొరికిన నమూనాను చూసి 1917లో ఎడ్వర్డ్ మేరిక్ అనే శాస్త్రవేత్త దీనికి థోరిమియా అబ్సల్యూటా అని పేరు పెట్టాడు. మధ్యలో టూటా అయింది, 2021లో మళ్లీ థోరిమియా కిందికి మార్చారు. అందుకే కొత్త పుస్తకాల్లో ఒక పేరు, పాతవాటిలో ఒక పేరు ఉంటుంది, పురుగు ఒకటే. 2006లో స్పెయిన్‌లో అడుగుపెట్టింది, అక్కడి నుంచి మధ్యధరా చుట్టూ పాకింది. మన దేశంలో 2014లో మహారాష్ట్ర, కర్ణాటకల్లో కనిపించింది. కోలారు మనకు గట్టు అవతలే. కాయల బాక్సులు, నారు ట్రేలు రోజూ అటూ ఇటూ తిరుగుతాయి, దానికి వేరే దారి అక్కర్లేకపోయింది.

ఇక్కడికొచ్చాక రైతులు దానికి పెట్టిన పేరు ఊజి. పలమనేరు, కుప్పం వైపు పట్టుపురుగులు పెంచిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఈ రైతు కూడా ఇరవై ఏళ్లు పెంచారు. పట్టుపురుగు ఒంటి మీద గుడ్డు పెట్టి, లోపలి నుంచి తినేసే ఈగను ఊజి ఈగ అంటారు. 1980లో కర్ణాటకలోకి వచ్చి పట్టు రైతుల కడుపు కొట్టిన ఈగ అది. పెంచుకున్న ప్రాణిని లోపల ఉండి తినేది ఏదైనా వాళ్లకు ఊజే. ఆ పోలికలో నాకు తప్పు కనిపించదు, బాధ తెలిసినవాళ్లు పెట్టిన పేరు. చిక్కల్లా ఏమిటంటే, ఊజి అనగానే మనసులో ఈగ మెదులుతుంది. ఆయన షాపులో "ఊజికి మందు" అని అడిగారు. నేను గీతలు చూసి ఈగ అన్నాను. ఇద్దరం రెండు దారుల్లో వెళ్లి ఒకే తప్పు దగ్గర కలిశాం.

ఆ తప్పుకు ధర ఉంది. పసుపు అట్టలకు ఈగలు, తెల్లదోమ అతుక్కుంటాయి. రాత్రి తిరిగే ఈ రెక్కల పురుగుకు అట్ట రంగుతో పని లేదు. అట్టలు పరిశీలిస్తే ఈగలు వందల్లో, రెక్కల పురుగులు రెండే. కింది ఆకులు గిల్లమన్నాను, టూటా గుడ్లు ఎక్కువగా పైభాగంలో ఉంటాయి.

మందు ఎందుకు పనిచేయలేదు

ఆయన సీసాలు పారేయలేదు, పంపు షెడ్డులో వరసగా పెట్టి ఉన్నాయి. అన్నీ కింద పెట్టుకుని కూర్చుని లేబుళ్లు చదివాం. మొదటిది ప్రొఫెనోఫాస్, సైపర్‌మెత్రిన్ కలిసినది. రెండోది క్లోరాంట్రానిలిప్రోల్. నేను చెప్పిన వేపనూనె తర్వాత మళ్లీ షాపుకు వెళితే "ఇది వేరే మందు, గట్టిగా పనిచేస్తుంది" అని ఇచ్చింది ఫ్లూబెండయమైడ్.

మొదటిది పురుగు ఆకు లోపల ఉన్నప్పుడు కొట్టారు. పొరల మధ్య ఉన్నదానికి పెద్దగా తగల్లేదు, బయట ఉన్న మిత్ర పురుగులకు మాత్రం బాగా తగిలింది. ఈగ పిల్లలను తినే సన్నటి కందిరీగలు పోయాయి, అందుకే పాముపొడ కూడా పెరిగింది. టూటా గుడ్లనూ పిల్లలనూ పీల్చే నెసిడియోకోరిస్ అనే సన్నటి ఆకుపచ్చ నల్లి మన టమాటా తోటల్లో తనంతట తానే వస్తుంది. ఆ తోటలో గంటసేపు వెదికితే ఒక్కటీ కనిపించలేదు. ఆ నల్లి మరీ ఎక్కువైతే చిగురు కాడల చుట్టూ గోధుమ రంగు వలయాలు పడి మొక్కకే నష్టం చేస్తుంది, అది కూడా చెప్పాలి. అయినా టూటా ఉన్న తోటలో కొద్దిగా ఉంటే దాన్ని ఉండనివ్వమంటాను.

రెండోది, మూడోది పేర్లు వేరు, కంపెనీలు వేరు, రంగు వేరు. పురుగు కండరాలను పట్టేసే పద్ధతి మాత్రం ఒకటే, రెండూ డయమైడ్ గుంపువి. ఒకదానికి తట్టుకున్న పురుగు రెండోదానికీ తట్టుకుంటుంది. ఇటలీ, గ్రీసు తోటల్లో ఈ గుంపు మందులకు టూటా లొంగని స్థితి ఇప్పటికే నమోదైంది. లేబుల్ మీద గుంపు నంబరు చిన్న అక్షరాల్లో ఉంటుంది, డయమైడ్‌లకు అది 28. ఆ నంబరు ఎక్కడ చూడాలో ఆయన కూతురికి చూపించాను, ఇంటర్ చదువుతోంది, ఇంట్లో లేబుళ్లు చదవగలిగేది ఆ అమ్మాయే.

ఇంకొకటి, కొట్టిన సమయం. మూడుసార్లూ పొద్దున పదకొండు దాటాక. ఎండకు ఆకు మీద మందు ఆరిపోతుంది, గొంగళి బయట తిరిగేది ఎక్కువగా చల్లటి వేళల్లో.

గట్టు అవతలి తోట

రెండు లింగాకర్షక బుట్టలు ఆ సాయంత్రమే పెట్టాం. ఆడ పురుగు వాసనను పోలిన ల్యూర్ అందులో ఉంటుంది, మగవి వచ్చి పడతాయి. ఒకటి తూర్పు గట్టు దగ్గర, ఒకటి పడమటి గట్టు దగ్గర. మర్నాడు పొద్దున తూర్పు బుట్టలో పదకొండు, పడమటి బుట్టలో యాభై మూడు.

పడమటి గట్టు అవతల ఏముందో అప్పటిదాకా నేను పట్టించుకోలేదు. కంచె చెట్లు దాటి చూస్తే అర ఎకరం ముదురు టమాటా. జనవరిలో రేటు పడిపోయి, కోత కూలీ కూడా రాదని కోయకుండా వదిలేసిన తోట. కట్టెలు వాలిపోయి, కాయలు రాలి, మొక్కలు మాత్రం ఇంకా పచ్చగా చిగురు వేస్తున్నాయి. నీళ్లు ఆగినా చావలేదు. ఒక్క కొమ్మకు ఇరవై దాకా గూళ్లు. రెండు నెలలుగా అడ్డూ ఆపూ లేకుండా పురుగు పెరిగిన చోటు అది. మన తోటలో ఎన్ని మందులు కొట్టినా ప్రతి రాత్రీ అక్కడి నుంచి కొత్త ఆడవి వచ్చి గుడ్లు పెడుతున్నాయి.

ఆ తోట ఈయన పెద్దనాన్న కొడుకుది. బోరు నీళ్ల పంపకం దగ్గర మాటలు లేవు. "నేను పోయి అడగను మేడం" అన్నారు. నేను అడగడానికి వెళితే ఆ ఇంటి వదిన మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది. ఆమె చేతికి లెన్సు ఇచ్చి ఆకు చూపించాను. వచ్చే నెలలో వాళ్లు వంగ వేద్దామనుకుంటున్నారు. టమాటా లేకపోతే ఈ పురుగు వంగలో, బంగాళాదుంపలో, గట్ల మీది కామంచిలో, ఉమ్మెత్తలో కూడా బతుకుతుందని చెప్పాను. "అట్లయితే మా వంగకూ ఇదే గతి కదా" అని ఆమే అంది. మూడో రోజు రెండు ఇళ్లవాళ్లూ కలిసి పీకారు. మాటలు ఎంత కలిశాయో నాకు తెలియదు, పని కలిసి చేశారు.

పీకి గట్టు మీద కుప్ప వేస్తే పీకనట్టే. ఎండే మొక్కలోంచి గొంగళ్లు దిగి పక్క చేనికి పోతాయి, ప్యూపాల నుంచి రెక్కల పురుగులు వస్తూనే ఉంటాయి. మొక్కలను, రాలిన కాయలను ఒకచోట పోసి, చిరుగు లేని పాలిథిన్ పట్ట కప్పి, అంచుల మీద మట్టి తొక్కి మూశాం. నాలుగు వారాలు విప్పవద్దని చెప్పాను. వారం తర్వాత వెళ్లి పట్ట మీద చెయ్యి పెడితే కాలింది. లోపలి వైపు చెమట పట్టినట్టు నీటి బిందువులు, వాటికి అతుక్కుని చచ్చిన బూడిద రంగు పురుగులు, బయటి నుంచే లెక్కపెట్టగలిగేటన్ని.

తోటలో చేసింది

పెద్దగా రాయడానికి లేదు. గూళ్లున్న ఆకులు, కన్నం పడ్డ పిందెలు మన రైతు ఇంటి అక్క, ఇద్దరు కూలీలు రెండు రోజులు ఏరి సంచుల్లో మూతి కట్టి అదే పట్ట కిందికి చేర్చారు. బుట్టలు ఎక్కువ చేశాం. డబ్బులు కలిసొస్తాయని కొన్నిచోట్ల పాత బేసిన్లలో నీళ్లు, కొంచెం సబ్బు కలిపి, పైన తీగకు ల్యూర్ కట్టాం. అవీ బాగానే పనిచేశాయి, రోజూ నీళ్లు చూసుకోవాలంతే. బుట్టల్లో పడేవి మగవే, ఒక మగది ఎన్నో ఆడవాటితో జతకడుతుంది. కాబట్టి బుట్టల వల్లే పురుగు పోతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. పురుగు ఎప్పుడు పెరుగుతోంది, ఎటు నుంచి వస్తోంది అని చెప్పడానికి వాటిని మించినది లేదు.

మందుల్లో డయమైడ్‌లు పూర్తిగా ఆపాం, కనీసం ఒక తరం గడిచేదాకా. సాయంత్రం ఐదు తర్వాత, ఆకు అడుగు తడిసేలా, మొదట స్పైనోసాడ్. తొమ్మిది రోజులకు బుట్టలు, గూళ్లు చూసుకుని ఇండాక్సాకార్బ్. మధ్యలో వేప గింజల కషాయం ఐదు శాతం. మోతాదు లేబుల్ మీద ఉన్నంతే, కోతకు ఆగాల్సిన రోజులు లేబుల్ మీద ఉన్నన్ని. ఆ తర్వాత మందు కొట్టాలని ఆయన టెన్షన్ పడ్డారు, నేను ఆపాను. మొక్కకు కొత్త గూళ్లు తగ్గుతున్నాయి, చీల్చి చూస్తే సగం ఖాళీవి. నెసిడియోకోరిస్ నల్లులు ఒకటీ అరా తిరిగి కనిపించడం మొదలైంది.

పడమటి బుట్టలో యాభై మూడు ఉన్నది, ఆ తోట పీకిన మూడో వారానికి తొమ్మిదికి దిగింది. మొదటి కోతలో నేను స్వయంగా వంద కాయలు ఏరి ముచ్చికలు ఎత్తి చూస్తే ముప్పై ఒకటికి కన్నం ఉంది. నాలుగో కోతకు అది ఎనిమిది. మొదటి రెండు కోతలు చాలావరకు పోయినట్టే, పెట్టుబడిలో ఆ భాగం తిరిగి రాలేదు. మొదటి ఫోను రోజునే నేను తోటకు వెళ్లి ఉంటే మొదటి గుత్తుల పిందెలు దక్కేవని నా అంచనా. ఆ మాట ఆయనతో కూడా చెప్పాను.

అప్పటి నుంచి ఆకు మీద తెల్ల గీతలని ఎవరు ఫోటో పంపినా మూడు అడుగుతున్నాను. చిటారు ఆకును ఎండకు అడ్డం పెట్టి ఒక ఫోటో, పిందె ముచ్చిక ఎత్తి ఒకటి, గూడు చీల్చి పురుగును తెల్ల కాగితం మీద పెట్టి ఒకటి. గూడు చీల్చడానికి గుండుసూది చాలు. ఫోన్ కెమెరాకు మెడ గీత అందకపోయినా కాళ్లున్నాయో లేదో అందుతుంది. కాళ్లు లేకపోతే ఈగ పిల్ల, చాలాసార్లు మందే అక్కర్లేదు. కాళ్లుంటే బండి తీస్తాను.

ఆ రైతు ఆ నేలలో తర్వాతి పంటగా బీన్స్ వేశారు. ఆగస్టులో వేరే కయ్యలో టమాటా నాటే ముందు నారు వచ్చిన ట్రేలను నర్సరీ బండి దగ్గరే ఆపి, ఆకులు తిరగేసి చూసి, రెండు ట్రేలు వెనక్కి పంపించారు. నాటడానికి వారం ముందే ఖాళీ నేలలో బుట్ట కట్టారు. నాలుగో రాత్రి మొదటి పురుగు పడింది. పొద్దున ఆరింటికి నాకు ఫోటో వచ్చింది, దాని కింద కూతురు టైపు చేసిన మాట: "మేడం, గుడ్లు ఎప్పుడు వెదకాలి?"